రంగుగా దొరికిన వాయువు: హీలియం, కళ – తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గుంటూరు. పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతాను. 1868లో మా ఊరిని పట్టపగలు చీకటిలో ముంచిన సూర్యగ్రహణం కథ చెప్పినప్పుడల్లా ప్రశ్నలు హీలియం దగ్గర మొదలై, బెలూన్ల మీదుగా చాలా దూరం వెళ్తాయి. పిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ, తోటి చిత్రకారులూ అడిగినవన్నీ కలిపి ఇక్కడ పెట్టాను. ఈ మూలకం మనిషి చేతికి చిక్కడానికి 27 ఏళ్ళ ముందే కంటికి చిక్కింది, అదీ ఒక రంగుగా. ఆ రంగు వెంట నడిస్తే దాని గుణాలూ ఉపయోగాలూ దారిలో ఒక్కొక్కటే ఎదురవుతాయి.

హీలియాన్ని గుంటూరులోనే కనిపెట్టారని చెబుతారు. నిజమేనా?

సగం నిజం. ఆ సగమే ఎంతో గొప్పది కాబట్టి మిగతా సగాన్ని కల్పించుకోవలసిన అవసరం మనకు లేదు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగా సాగింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ గుంటూరులో తన పరికరాలు అమర్చుకున్నాడు. బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే ఉంది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. అదే వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తి నుంచి గ్రహణాన్ని పరిశీలించారు. ఒకే ఉదయం గుంటూరు, మచిలీపట్నం, వనపర్తి మూడూ ఆకాశం వైపు తలెత్తి చూశాయన్న మాట.

సూర్యబింబం పూర్తిగా మూసుకుపోయాక అంచున ఎర్రటి జ్వాలలు కనిపిస్తాయి. అవేమిటో అప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. జాన్సెన్ ఆ వెలుగును వర్ణపటదర్శినిలోంచి, అంటే వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరంలోంచి, చూస్తే ప్రకాశవంతమైన గీతలు కనబడ్డాయి. జ్వాలలు వేడెక్కి వెలుగుతున్న వాయువులేనని, ముఖ్యంగా హైడ్రోజన్ అని అర్థమైంది. ఆ గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునన్న ఆలోచన ఆయనకు అక్కడే తట్టింది. మర్నాడు ఉదయం గుంటూరు ఎండలోనే చూసి చూపించాడు. ఆ సంగతి వివరిస్తూ సెప్టెంబరులో కాకినాడ నుంచి పారిస్‌కు ఉత్తరం రాశాడు.

గీతల్లో ఒక పసుపు గీత కూడా ఉంది. చూసినవారిలో చాలామంది దాన్ని సోడియం గీత అనుకున్నారు. అది సోడియం చోటికి దగ్గరే కాని సరిగ్గా అక్కడే ఉందా అన్న సందేహానికి మచిలీపట్నంలో పోగ్సన్ రాసుకున్న వివరాలు చోటిచ్చాయి. అదే ఏడాది అక్టోబరు 20న ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకియర్ గ్రహణంతో పనిలేకుండానే ఆ జ్వాలలను చూశాడు. పసుపు గీత సోడియానిది కాదని తేల్చి, భూమి మీద ఎవరూ ఎరగని మూలకం సూర్యుడిలో ఉందన్న వాదానికి నిలబడినవాడు ఆయనే. గ్రీకు భాషలో సూర్యుడి పేరు హీలియోస్. దాన్నుంచి హీలియం అన్నారు. దాన్ని ఏదో లోహమనుకోవడం వల్ల లోహాల పేర్లకు వచ్చే ముగింపే దీనికీ తగిలించారు. నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్ అన్న తోబుట్టువుల మధ్య దీని పేరు వేరుగా వినిపించడానికి కారణం అదే.

కాబట్టి గుంటూరులో హీలియం వెలుగు కళ్ళబడింది. అది హీలియమని గుర్తించింది మరో చోట, మరొకరు.

ఆ పసుపును రంగులతో వేయగలమా?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. వేయలేము. ఎందుకు వేయలేమో తెలుసుకోవడమే అసలు పాఠం.

హీలియం గీత తరంగదైర్ఘ్యం, అంటే వెలుగు అల పొడవు, 587.6 నానోమీటర్లు. సోడియం జంట గీతలు 589.0, 589.6 దగ్గర ఉంటాయి. ఒకటిన్నర నానోమీటర్ల తేడాను మామూలు కన్ను పట్టుకోలేదు, వర్ణపటదర్శినిలో మాత్రం రెండూ పక్కపక్కనే విడిగా నిలబడతాయి. రంగు డబ్బాలోని పసుపు వేరే తరహాది. దాని మీద పడిన తెల్లని వెలుగులోంచి నీలాన్ని మింగేసి, ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా ఎన్నో తరంగాలను తిరిగి పంపుతుంది. ఆ గుంపు మొత్తాన్ని కన్ను పసుపుగా చదువుకుంటుంది. హీలియం పసుపు ఒంటరి స్వరం, మన పసుపు బృందగానం.

పోగ్సన్ నిలబడిన మచిలీపట్నం కలంకారీకి పుట్టినిల్లు. అక్కడి అద్దకంలో పసుపు కోసం కరక్కాయ, దానిమ్మ తొక్క వంటివి మరిగించి, పటిక కలిపి గుడ్డకు పట్టిస్తారు. ఆ పసుపులో కాస్త మట్టి, కాస్త ఆకుపచ్చ, కాస్త ఎండ అన్నీ ఉంటాయి. ఎన్ని ఛాయలు కలిస్తే అది అంత అందం. హీలియం గీతలో ఇంకేదీ కలవదు. ఒకే ఊళ్ళో ఈ రెండు పసుపులూ ఒకదానికొకటి ఎదురుపడ్డాయని తలచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

పిల్లలకు నేను చెప్పే అభ్యాసం ఇది: నల్ల కాగితం తీసుకుని, పాత సీడీ ముక్కలో ప్రతిఫలించే పాత తరహా (ఎల్‌ఈడీ కాని) ట్యూబులైటు వెలుగును చూస్తూ, ఎక్కడ ఏ రంగు చారగా కనిపిస్తుందో అక్కడ సన్నని గీత వేయండి. అందులో హీలియం ఉండదు, పాదరసం గీతలు ఉంటాయి. కాని వెలుగుకు వేలిముద్రలు ఉంటాయన్న సంగతి ఆ ఒక్క కాగితంతో అర్థమవుతుంది. సూర్యుడి వైపు మాత్రం నేరుగా చూడకూడదు, సీడీలోంచి కూడా.

గాజు గొట్టంలో హీలియాన్ని వెలిగిస్తే ఏ రంగు వస్తుంది?

పసుపే వస్తుందని అనుకుంటాం. రాదు. హీలియానికి ఆ పసుపు గీతతో పాటు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా గీతలు కూడా ఉన్నాయి. అవన్నీ కలిసి గొట్టంలో పాలిపోయిన గులాబీ, పండిన జామకాయ లోపలి రంగులాంటిది కనిపిస్తుంది. నియాన్ ఎరుపులా మీదకు దూకి రాదు. అందుకే దుకాణాల పేరుపలకలు రాసేవాళ్ళకు ఇది పెద్దగా నచ్చలేదు. ఆ మసక వెలుగునే కోరుకునే కళాకారులకు మాత్రం నచ్చుతుంది.

గుంటూరు గ్రహణం మీద కళాఖండం ఏదైనా ఉందా?

ఉంది, అరచేతిలో పట్టేది. జాన్సెన్, లాకియర్ ఇద్దరి వార్తలూ పారిస్‌లోని విజ్ఞాన అకాడమీకి ఒకే సమావేశంలో అందాయి. ఎవరు ముందు అన్న తగవు పెట్టుకోకుండా ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి పేరా ఒక పతకం పోయించింది. ఒక వైపు ఇద్దరి ముఖాలూ పక్కపక్కనే. రెండో వైపు నాలుగు గుర్రాల రథం మీద గ్రీకుల సూర్యదేవుడు అపోలో, చేయి చాచి సూర్యుడి జ్వాలలను చూపిస్తుంటాడు. ఏడు గుర్రాల రథాన్ని ఎరిగిన మనకు ఆ బొమ్మ వెంటనే దగ్గరైపోతుంది. దాని మీద చెక్కిన తేదీ మన గుంటూరు తేదీ, 18 ఆగస్టు 1868.

జాన్సెన్ గురించి ఇంకో మాట చెప్పాలి. ఆయన తండ్రి సంగీతకారుడు. ఆయన జీవితం నిండా దృశ్యకళ పరుచుకుని ఉంటుంది. 1870లో జర్మన్ సైన్యం పారిస్‌ను చుట్టుముట్టినప్పుడు, మరో గ్రహణం చూడడానికి బెలూన్ ఎక్కి ముట్టడి దాటి వెళ్ళాడు. తీరా అల్జీరియా చేరాక మబ్బులు కమ్మేశాయి. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా కదలడాన్ని వరుస ఫోటోలుగా పట్టుకోవడానికి తిరిగే పళ్ళెంతో ఒక కెమెరా చేయించాడు. అది 72 సెకన్లలో 48 బొమ్మలు తీసింది. కదిలే బొమ్మల చరిత్ర రాసేవాళ్ళు దాన్ని సినిమాకు ఒక పూర్వరూపంగా లెక్కిస్తారు. 1895 జూన్‌లో సినిమాకు ఆద్యులైన లూమియేర్ సోదరులు ఫోటోగ్రఫీ మహాసభకు పడవ దిగి వస్తున్న ప్రతినిధులను చిత్రీకరించారు. ఆ తొలినాళ్ళ చిత్రంలో నడిచి వచ్చేవాళ్ళలో జాన్సెన్ కూడా ఉన్నాడు. అదే 1895 మార్చిలో లండన్‌లో రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజాన్ని ఆమ్లంలో వేసి, వచ్చిన వాయువులో ఆ పసుపు గీతను చూశాడు. సూర్యుడి వాయువు భూమి మీద దొరికిన వసంతంలోనే, గుంటూరులో దాని వెలుగును చూసిన మనిషి తెర మీదికి నడిచాడు.

జడవాయువు అంటే ఏమిటి?

వేరే మూలకాలతో తేలిగ్గా కలవనిది. హీలియం పరమాణువుకు రెండే ఎలక్ట్రాన్లు, వాటి గదిలో రెండింటికే చోటు. గది నిండిపోయింది కాబట్టి ఎవరినీ పిలవదు, ఎవరి ఇంటికీ వెళ్ళదు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు, మండదు. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో ఉత్కృష్ట వాయువులు అంటున్నారు. జడం అన్న పాత మాటలో కాస్త చిన్నచూపు ఉంది, ఉత్కృష్టంలో కాస్త ఎక్కువ పొగడ్త ఉంది. నాకైతే తామరాకు మీది నీటిబొట్టు గుర్తొస్తుంది.

సూర్యుడిలో ఉన్నది సరే, భూమిలో ఎక్కడి నుంచి వస్తుంది?

విశ్వంలోని మామూలు పదార్థం బరువులో దాదాపు నాలుగో వంతు హీలియమే. భూమి మాత్రం మొదట్లో తనకున్నదాన్ని పట్టి ఉంచుకోలేకపోయింది. గాలిలో పది లక్షల పాళ్ళకు అయిదు పాళ్ళే ఉంది. ఇప్పుడు మనం వాడేదంతా నేల లోపల యురేనియం, థోరియం నెమ్మదిగా క్షీణిస్తుండగా పుట్టినది. ఆ మూలకాలు విడిచే ఆల్ఫా కణం అంటే హీలియం కేంద్రకమే. కోట్ల ఏళ్ళుగా అలా పుట్టినది రాళ్ళ కింద సహజవాయువుతో పాటు చిక్కుకుని ఉంటుంది. మన భీమిలి తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం ఉంది. కాబట్టి ఆ ఇసుక రేణువుల లోపల కూడా ఈ పని నిశ్శబ్దంగా సాగుతూనే ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని బక్రేశ్వర్ వేడినీటి బుగ్గల్లోంచి హీలియం బుడగలుగా పైకి వస్తుంది.

దొరికిన కథ నాటకం రాయదగ్గది. 1903లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో డెక్స్‌టర్ అనే చిన్న ఊళ్ళో గ్యాస్ బావి పడింది. ఊరంతా సంబరం. అందరి ఎదుటా ఆ గ్యాస్‌ను వెలిగించి మంటస్తంభం చూపిద్దామని, మండుతున్న గడ్డిమోపును దాని దగ్గరికి నెట్టారు. గ్యాస్ అంటుకోలేదు సరికదా, గడ్డి మంటే ఆరిపోయింది. జనం ఉసూరుమని ఇళ్ళకు పోయారు. ఆ వాయువును పరీక్షించిన రసాయన శాస్త్రవేత్తలు 1905లో అందులో హీలియం ఉందని తేల్చారు. ఆ రోజు మంట ఆరింది ఎక్కువగా అందులోని నైట్రోజన్ వల్లే. కాని సూర్యుడి పేరు పెట్టుకున్న వాయువు మొదటిసారి ఊరి జనం ముందుకు వచ్చింది చీకటి చేస్తూనే.

తిరునాళ్ళలో అమ్మే ఎగిరే బెలూన్లలో ఉండేది హీలియమేనా?

అన్నిసార్లూ కాదు. హీలియం ఖరీదు ఎక్కువ కాబట్టి చాలాచోట్ల హైడ్రోజన్ నింపుతారు. కొందరు కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలతో అక్కడికక్కడే దాన్ని తయారుచేస్తారు. హైడ్రోజన్ నిప్పురవ్వకు భగ్గుమంటుంది, ఆ సిలిండర్లు పేలి ప్రాణాలు పోయిన సంఘటనలు మన దేశంలో ఉన్నాయి. పుట్టినరోజు కొవ్వొత్తుల దగ్గరా, దీపాల దగ్గరా అలాంటి బెలూన్లు కట్టకండి. నింపేటప్పుడు సిలిండరు పక్కన పిల్లలను నిలబెట్టకండి. చూపులకు రెండు బెలూన్లూ ఒకేలా తేలుతాయి, రంగును బట్టి ఏది ఏదో చెప్పలేరు.

ఒక బెలూన్ ఎంత బరువు మోస్తుంది? మర్నాటికి ఎందుకు వాడిపోతుంది?

లీటరు హీలియం సుమారు ఒక గ్రాము బరువును ఎత్తుతుంది. మామూలు రబ్బరు బెలూన్‌లో 14 లీటర్ల దాకా పడితే, దాని సొంత బరువు పోగా పది గ్రాములు మోయగలదు. అరకిలో చీర గాలిలో తేలాలంటే అలాంటివి యాభై కావాలి. రంగస్థల అలంకరణ చేసేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకుంటే మంచిది.

వాడిపోవడానికి కారణం రబ్బరు పొరలోని సన్నని సందులు. హీలియం పరమాణువు చాలా చిన్నది, పైగా ఒంటరిది కాబట్టి ఆ సందుల్లోంచి జారిపోతుంది. లోహపు పూత పూసిన ప్లాస్టిక్ పొరలో అయితే రోజులూ వారాలూ నిలుస్తుంది. కళలో హీలియం ముఖ్యపాత్రగా నిలిచింది కూడా ఆ పొరతోనే.

1966 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని లియో కాస్టెల్లీ గ్యాలరీలో అమెరికన్ కళాకారుడు ఆండీ వార్హోల్ ఒక గది నిండా వెండి దిండ్లను వదిలాడు. వాటి పేరు వెండి మేఘాలు. బెల్ ప్రయోగశాల ఇంజనీరు బిల్లీ క్లూవర్ వాటికి సాయం చేశాడు. వార్హోల్ మొదట అడిగింది గాలిలో తేలే విద్యుద్దీపం. అది కుదరలేదు. దాని కోసం వెతుకుతుంటే వేడితో అంచులు అతికే వెండి పొర దొరికింది, మేఘాలు అలా పుట్టాయి. హీలియంలో తగినంత గాలి కలిపితే దిండు కప్పుకు అతుక్కోకుండా, నేలకు దిగకుండా మధ్యలో ఊగుతుంది. ఎవరైనా పక్కనుంచి నడిస్తే కదులుతుంది. చూసేవారి ఊపిరి కూడా ఆ శిల్పంలో భాగం. రెండేళ్ళ తర్వాత మెర్స్ కన్నింగ్‌హామ్ తన నృత్యరూపకానికి ఇవే దిండ్లను రంగాలంకరణగా వాడుకున్నాడు. నర్తకుడు గెంతితే మేఘం కదిలేది, ఎటు కదులుతుందో ముందు ఎవరికీ తెలిసేది కాదు.

తేలిక, జడత్వం, పొరలోంచి జారిపోయే గుణం, మూడింటినీ ఒకే గదిలో చూపిన పని అది. దిండు నెమ్మదిగా కిందికి దిగుతుంటే శిల్పానికి వయసు మీదపడుతున్నట్టు ఉంటుంది. రాతికి వయసు రావాలంటే వందల ఏళ్ళు పడుతుంది. దీనికి కొన్ని రోజులు చాలు.

కంటికి కనిపించని హీలియంతో కళ ఎలా చేస్తారు?

రాబర్ట్ బ్యారీ అనే అమెరికన్ కళాకారుడు సరిగ్గా ఆ పనే చేశాడు. 1969 మార్చిలో కాలిఫోర్నియాలోని మొహావి ఎడారిలో రెండు ఘనపుటడుగుల హీలియాన్ని గాలిలోకి వదిలిపెట్టాడు. అదే కళాఖండం. వేర్వేరు చోట్ల నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్‌లను కూడా అలాగే వదిలాడు. తీసిన ఫోటోల్లో ఎడారి, ఆకాశం, మొక్కలు తప్ప మరేమీ కనబడవు. కొలతకు లొంగిన వాయువు హద్దులేని విస్తారంలోకి వెళ్ళిపోవడం, ఆ పని మొదలైంది గాని ఎక్కడ ముగిసిందో ఎవరూ చూపలేకపోవడం ఆయనకు కావలసింది.

ఇదేం కళ అని చాలామంది విసుక్కుంటారు. నేనూ మొదట్లో విసుక్కున్నాను. ఒక రోజు కాగితం మీద లెక్క వేశాక నా మనసు మారింది. రెండు ఘనపుటడుగులంటే సుమారు 57 లీటర్లు. భూమి చుట్టూ ఉన్న గాలి మొత్తంలో అది సమంగా కలిసిపోయిందనుకుంటే, మనం మామూలుగా పీల్చే ప్రతి శ్వాసలోనూ ఆ హీలియం పరమాణువులు నూట యాభై దాకా ఉంటాయి. ఈ వాక్యం చదువుతూ మీరు పీల్చిన గాలిలో కూడా. ప్రపంచంలో ఏ చిత్రపటమూ ఇంతమందిని ఇలా చేరలేదు. ఒంట్లో దేనితోనూ కలవదు కాబట్టి లోపలికి వెళ్ళినది వెళ్ళినట్టే బయటికి వస్తుంది.

వదిలిన హీలియం వెంటనే అంతరిక్షంలోకి వెళ్ళిపోతుందట కదా?

వెంటనే కాదు. ముందు గాలితో కలిసిపోయి, ప్రపంచమంతా తిరుగుతుంది. అతి పై పొరలకు చేరినవి కొద్దికొద్దిగా భూమి పట్టు తప్పించుకుంటాయి. ఒక పరమాణువు సగటున దాదాపు పది లక్షల ఏళ్ళు ఇక్కడే ఉంటుందని అంచనా. అయినా గాలిలో అంత పలచబడిన దాన్ని తిరిగి పోగుచేయడం ఖరీదైన పని కాబట్టి మన వాడకం లెక్కలో అది పోయినట్టే.

ఊరేగింపుల్లో కనిపించే పెద్ద పెద్ద బెలూన్ బొమ్మలు ఎవరి ఆలోచన?

న్యూయార్క్‌లో మేసీస్ అనే పెద్ద దుకాణం ఏటా జరిపే ఊరేగింపుకు టోనీ సార్గ్ అనే కీలుబొమ్మల కళాకారుడు 1927లో వాటిని ప్రవేశపెట్టాడు. కీలుబొమ్మకు దారాలు పైనుంచి వస్తాయి. ఆయన దాన్ని తలకిందులు చేశాడు. బొమ్మ పైన, దారాలు కింద, ఆడించేవాళ్ళు వీధిలో. 1958లో హీలియం కొరత వచ్చినప్పుడు బొమ్మల్లో మామూలు గాలి నింపి, క్రేన్లకు వేలాడదీసి ఊరేగించారు. ఆ ఒక్క ఏడాది అవి మళ్ళీ పైనుంచి వేలాడే కీలుబొమ్మలయ్యాయి.

జర్మన్ కళాకారుడు ఓటో పీన్ దీన్ని ఆకాశకళ అన్న స్థాయికి తీసుకువెళ్ళాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారుల హత్యతో లోకమంతా దిగ్భ్రాంతిలో ఉంది. ఆ ఆటల ముగింపులో హీలియం నింపిన అయిదు రంగుల పొడవాటి గొట్టాలు ఇంద్రధనుస్సులా లేచి నిలిచాయి. రెండో ప్రపంచ యుద్ధంలో కుర్రవాడిగా విమాన విధ్వంసక దళంలో పనిచేసిన మనిషి ఆయన. ఆకాశంలో బాంబులకు బదులు రంగులు చూడాలన్న ఆయన కోరికలోని తీవ్రత నాకు అర్థమవుతుంది.

స్టీలుతో చేసిన బెలూన్ శిల్పాలు కూడా ఈ కోవలోకే వస్తాయా?

అవి ఎదురు దిశలో నడుస్తాయి. జెఫ్ కూన్స్ 1986లో గాలి నింపిన కుందేలు బొమ్మను స్టెయిన్‌లెస్ స్టీలులో పోతపోశాడు. ముడతలు, అతుకులు అన్నీ బెలూన్‌వే, బరువు మాత్రం లోహానిది. 2007లో అదే కుందేలు హీలియం నింపుకుని న్యూయార్క్ వీధుల మీద ఎగిరింది. నాకు ఎగిరినదే ఎక్కువ నచ్చింది.

హీలియం పీల్చితే గొంతు ఎందుకు మారుతుంది? నాటకంలో వాడవచ్చా?

వాడవద్దు. హీలియంలో బతకడానికి కావలసిన ఆక్సిజన్ ఉండదు. సిలిండరు నుంచి నేరుగా పీలిస్తే ఊపిరితిత్తులు చీలవచ్చు, కొన్ని క్షణాల్లో స్పృహ పోవచ్చు, ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. లోతైన నీళ్ళలోకి దిగే గజ ఈతగాళ్ళు హీలియంలో ఆక్సిజన్‌ను లెక్కగా కలిపి, శిక్షణ పొంది పీలుస్తారు. అది వేరే సంగతి.

గొంతు మారడం వెనక ఉన్న కారణం సంగీతం తెలిసినవాళ్ళకు ఇష్టమైనది. హీలియంలో ధ్వని గాలిలోకంటే దాదాపు మూడు రెట్లు వేగంగా వెళ్తుంది. స్వరతంత్రులు కంపించే వేగం దాదాపు మారదు, కాబట్టి శ్రుతి అలాగే ఉంటుంది. గొంతు, నోరు ఆ ధ్వనిలో వేటిని బలపరుస్తాయో అది మారిపోతుంది. వీణ తీగను అలాగే ఉంచి కుండను మాత్రం బుల్లిదిగా మార్చినట్టు.

కళాఖండాలను, పాత పత్రాలను కాపాడడంలో హీలియానికి పాత్ర ఉందా?

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను, రాజ్యాంగాన్ని 1950ల మొదట్లో హీలియం నింపిన గాజు పెట్టెల్లో భద్రపరిచారు. ఆక్సిజన్ తగిలితే సిరా, తోలు పాడవుతాయి. దేనితోనూ కలవని వాయువును చుట్టూ కాపలా పెట్టారు. అర్ధశతాబ్దం తర్వాత, 2003 నాటికి కొత్త పెట్టెలు చేసి ఆర్గాన్‌కు మారారు. ఆర్గాన్ పరమాణువు పెద్దది, సులువుగా జారిపోదు.

మన రాజ్యాంగం మూలప్రతి నందలాల్ బోస్, శాంతినికేతన్ శిష్యుల చిత్రాలతో, ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేతిరాతతో అచ్చమైన కళాఖండం. దాన్ని పార్లమెంటు గ్రంథాలయంలో నైట్రోజన్ నింపిన పెట్టెలో ఉంచారు. నైట్రోజన్ జడవాయువుల కుటుంబంలోది కాదు గాని, చవకైనది, ఈ పనికి సరిపోతుంది.

పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం కింద కణాలకు వేగాన్నిచ్చే ఒక యంత్రం ఉంది. ప్రోటాన్లను, ఆల్ఫా కణాలను కళాఖండం మీదికి పంపి, తిరిగి వచ్చే కిరణాలను బట్టి ఏ రంగులో ఏ మూలకముందో చెబుతారు. గీకి ముక్క తీయవలసిన అవసరం లేదు. మధ్యలో గాలి అడ్డుపడకుండా ఆ చోట హీలియాన్ని సన్నగా వదులుతారు. ఒకప్పుడు తన ఉనికిని వెలుగు గీతతో తెలియజేసిన మూలకం, ఇప్పుడు పాత చిత్రాల రంగుల గుట్టు విప్పడానికి పనిచేస్తోంది.

హోలోగ్రామ్‌లకు, హీలియానికి సంబంధం ఏమిటి?

హీలియం, నియాన్ కలిపిన లేజర్. దాని తొలి రూపాన్ని 1960లో బెల్ ప్రయోగశాలలో చేశారు, కంటికి కనిపించే ఎరుపు 1962లో వచ్చింది, 632.8 నానోమీటర్లు. హీలియం శక్తిని తీసుకుని నియాన్‌కు అందిస్తుంది, వెలిగేది నియాన్. హోలోగ్రఫీ, అంటే లేజర్ వెలుగుతో లోతు కనిపించే బొమ్మను పట్టే పద్ధతి, నేర్చుకున్న కళాకారులు దశాబ్దాల పాటు ఈ లేజర్‌నే నమ్ముకున్నారు. బ్రిటిష్ చిత్రకారిణి మార్గరెట్ బెన్యన్ 1968లోనే ఈ దారి పట్టింది. చిత్రీకరిస్తుండగా వస్తువు వెంట్రుకవాసి కదిలినా హోలోగ్రామ్‌లో ఆ చోట నల్లని ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని లోపంగా కాక రూపంగా వాడుకోవడం ఆమె ప్రత్యేకత.

ద్రవ హీలియం గురించి ఏమీ చెప్పలేదు?

1908లో హాలండులోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ దాన్ని తొలిసారి ద్రవంగా మార్చాడు. మైనస్ 269 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆసుపత్రిలో ఎమ్మారై యంత్రంలోని అయస్కాంతాన్ని చల్లగా ఉంచేది ఇదే. మైనస్ 271 డిగ్రీల కిందికి వెళ్తే ఘర్షణ లేని ద్రవమవుతుంది, గిన్నె గోడల మీద పలచని పొరగా పాకి బయటికి వచ్చేస్తుంది. దీన్ని చిత్రించిన కళాకారుల కంటే ప్రయోగశాలలో తీసిన దృశ్యాలే నన్ను ఎక్కువ కదిలించాయి.

హీలియం లేకుండా ఇలాంటి తేలే కళ సాధ్యం కాదా?

సాధ్యమే. అర్జెంటీనాలో పుట్టిన తోమాస్ సరసేనో ఏళ్ళ తరబడి దాని మీదే పనిచేస్తున్నాడు. 2020 జనవరిలో అర్జెంటీనాలోని సాలినాస్ గ్రాందెస్ ఉప్పు మైదానంలో ఆయన బృందం ఒక నల్లని భారీ గుడ్డగోళాన్ని ఎండలో పరిచింది. అందులో హీలియం లేదు, హైడ్రోజన్ లేదు, ఇంధనం లేదు, మామూలు గాలి మాత్రమే. ఎండకు నలుపు వేడెక్కింది, లోపలి గాలి వేడెక్కి తేలికైంది, గోళం లేచింది. దానికి కట్టుకున్న లెతీసియా మార్కెస్ అనే మహిళ తెల్లని ఉప్పు మీదుగా గాలిలో ప్రయాణించింది. ఆ ప్రాంతంలో లిథియం తవ్వకాల వల్ల నీళ్ళు కోల్పోతున్న స్థానిక ప్రజల మాటను గోళం మీద పెద్ద అక్షరాలతో రాశారు.

మా పిల్లలకు ఈ కథ చెప్పాక ఒక అమ్మాయి నల్ల కాగితం గోళాన్ని గీసి, దాని కింద మనిషిని గీసి, పైన సూర్యుణ్ణి వేయడం మొదలుపెట్టింది. సూర్యుణ్ణి నిండుగా రుద్దలేదు. పసుపు రంగుతో ఒక్క సన్నని నిలువు గీత గీసి ఆపేసింది.